నోనోగ్రామ్ ఆన్‌లైన్‌లో ఎలా ఆడాలి: అంకెల నుంచి బొమ్మ దాకా

ఒక గళ్ళ పట్టిక. పై అంచున, ఎడమ అంచున కొన్ని అంకెలు. మాట ఒక్కటీ ఉండదు. ఆ అంకెలను బట్టి ఏ గడి నల్లగా ఉండాలి, ఏది ఖాళీగా ఉండాలి అని తేల్చుకుంటూ పోతే చివరికి ఒక బొమ్మ తేలుతుంది. ఈ ఆట పేరు నోనోగ్రామ్. చాలామంది ఫోన్లో యాప్ వేసుకుని, రెండు మూడు పజిళ్ళు ఏదోలా నింపి, నాలుగో దాంట్లో, తప్పుకొకటి చొప్పున పోయే గుండె గుర్తులు మూడూ పోగొట్టుకుని, "ఇది మన వల్ల కాదులే" అని తీసేస్తారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మంచి నోనోగ్రామ్‌లో అంచనాగా నింపాల్సిన గడి ఒక్కటి కూడా ఉండదు. ప్రతి గడికీ ఒక కారణం దొరుకుతుంది. ఆ కారణం ఎక్కడ వెతకాలో తెలిస్తే ఈ ఆట పదేళ్ళ పిల్లలకూ వస్తుంది, డెబ్బై ఏళ్ళ పెద్దలకూ వస్తుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమల కొండకు వెళ్ళినవాళ్ళకు ఆ లైటింగ్ బోర్డులు గుర్తుంటాయి. వరుసల్లో బిగించిన బల్బుల్లో కొన్ని వెలిగి కొన్ని ఆరి ఉంటే, దూరం నుంచి శంఖమో చక్రమో గరుడ వాహనమో కనిపిస్తుంది. నోనోగ్రామ్ పుట్టింది కూడా అచ్చం అలాగే. నోన్ ఇషిదా అనే జపాన్ గ్రాఫిక్స్ ఎడిటర్ 1987లో టోక్యోలో జరిగిన ఒక పోటీలో ఎత్తైన భవనాల కిటికీ లైట్లను వెలిగించి, ఆర్పి బొమ్మలు తయారుచేసి గెలిచారు. ఆమె తయారుచేసిన గళ్ళ బొమ్మలే తర్వాత పజిళ్ళయ్యాయి. దాదాపు అదే కాలంలో తెత్సుయా నిషియో అనే పజిల్ నిపుణుడు కూడా విడిగా ఇదే ఆటను కనిపెట్టారు. 1990లో బ్రిటన్‌లో జేమ్స్ డాల్గెటీ నోన్ ఇషిదా పేరు మీదుగా నోనోగ్రామ్ అన్న పేరు పెట్టారు, సండే టెలిగ్రాఫ్ వారం వారం అచ్చు వేయడం మొదలుపెట్టింది. 1998లో ఆ పత్రికే పాఠకుల పోటీ పెట్టి ఆటకు గ్రిడ్లర్స్ అని పేరు మార్చింది. 1995లో ఈ ఆట నింటెండో గేమ్ బాయ్ అనే చేతి వీడియో గేమ్ మీదికి వచ్చినప్పుడు పిక్రాస్ అయింది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఈ పేర్లన్నీ పనికొస్తాయి. హాంజీ, జపనీస్ క్రాస్‌వర్డ్ అని కనిపించినా కంగారు పడొద్దు, అన్నీ ఒకటే ఆట.

ముందు 5×5

మొదటిరోజే పెద్ద పజిల్ తెరవకండి. అయిదు అడ్డ వరుసలు, అయిదు నిలువు వరుసలు ఉన్నది చాలు.

నియమం ఇంతే. వరుస పక్కన 3 అని ఉంటే ఆ వరుసలో మూడు నల్ల గడులు పక్కపక్కనే ఉంటాయి, మిగతావి ఖాళీ. 2 2 అని ఉంటే ముందు రెండు నల్ల గడుల గుంపు, తర్వాత కనీసం ఒక ఖాళీ గడి, ఆ తర్వాత ఇంకో రెండు. గుంపులు అంకెలు రాసిన క్రమంలోనే రావాలి. నిలువు వరుసలకైతే పై నుంచి కిందికి అదే లెక్క. గుంపుల మధ్య ఖాళీ ఒక్కటే ఉండాలని లేదు, రెండు ఉండొచ్చు, మూడు ఉండొచ్చు. కానీ ఒకటైనా ఉండి తీరాలి.

ఒకటి కలిసి చేద్దాం. కాగితం మీద 5×5 గళ్ళు గీయండి. అడ్డ వరుసల అంకెలు పై నుంచి: 1, 3, 3, 5, 2 2. నిలువు వరుసల అంకెలు ఎడమ నుంచి: 2, 4, 4, 4, 2.

మొదటి వరుస దగ్గర మొదలుపెట్టకండి. అక్కడున్న 1 అయిదు గడుల్లో ఎక్కడైనా ఉండొచ్చు, దాన్ని ఎంతసేపు చూసినా ఏమీ తేలదు. నాలుగో వరుస చూడండి. అయిదు గడుల్లో 5, అంటే మొత్తం నలుపే. అయిదో వరుసలో 2 2, అంటే రెండు, ఒక ఖాళీ, మళ్ళీ రెండు. కలిపితే సరిగ్గా అయిదు. కదలడానికి చోటే లేదు. మధ్య గడి ఖాళీ, మిగతావి నలుపు.

ఇప్పుడు నిలువుగా చూడండి. మొదటి నిలువు వరుసకు 2 ఉంది. నాలుగు, అయిదు గడులు ఇప్పటికే నల్లబడ్డాయి. అంటే దాని పని అయిపోయింది, పైన మూడింటికీ, ఖాళీ అనడానికి గుర్తుగా, ఇంటూ (×) పెట్టేయండి. చివరి నిలువు వరుస కూడా అంతే. రెండో నిలువు వరుసకు 4 కావాలి. కింద రెండు నిండాయి, గుంపు విడిపోకూడదు కాబట్టి పైకి ఇంకో రెండు. నాలుగోది కూడా అంతే. మధ్య నిలువు వరుసలో అడుగు గడి ఖాళీ అని తేలింది, పైన మిగిలినవి నాలుగు, కావలసింది నాలుగు. ఇందాక ఏమీ చెప్పలేకపోయిన ఒకటో అడ్డ వరుస దానంతట అదే తేలిపోయింది.

□□■□□
□■■■□
□■■■□
■■■■■
■■□■■

కింద వాకిలితో గోపురం. ఇందులో ఎక్కడైనా అదృష్టం మీద ఆధారపడ్డామా? ఎక్కడా లేదు. 5×5 అయినా 30×30 అయినా ఆట ఇలాగే నడుస్తుంది.

ఇంటూ గుర్తును చిన్నచూపు చూడొద్దు. కొత్తవాళ్ళు నల్ల గడులే ముఖ్యం అనుకుని ఖాళీ అని తేలినవాటిని గుర్తు పెట్టకుండా వదిలేస్తారు. మూడు వరుసలు దాటాక, ఇది ఖాళీ అని తేలిన గడా, ఇంకా తేలని గడా అన్నది తెలియకుండా పోతుంది. నా దృష్టిలో ఖాళీ అని తేలిన గడి విలువ నల్ల గడి విలువకు సమానం. పెద్ద పజిళ్ళలో అయితే ఇంకా ఎక్కువ.

ఎక్కడ ఆడాలి

కంప్యూటర్ ఉంటే యాప్ కన్నా వెబ్‌సైట్ మేలు. పజిల్-నోనోగ్రామ్స్ డాట్ కామ్‌లో 5×5 నుంచి 25×25 వరకు సైజులు వరుసగా ఉంటాయి కాబట్టి సాధనకు బాగుంటుంది. అక్కడి నుంచి ప్రింట్ కూడా తీసుకోవచ్చు. నోనోగ్రామ్స్ డాట్ ఓఆర్‌జీలో నలుపు తెలుపువి, రంగులవి రెండూ ఉన్నాయి. జంతువులు, పూలు, వస్తువులు, నిజంగా బొమ్మ కావాలనుకునేవాళ్ళకు అది బాగుంటుంది.

ఫోన్లో ఆడేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది సైమన్ టాథమ్ పజిల్ కలెక్షన్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రోజూ వాడే పుట్టీ ప్రోగ్రామ్ రాసినాయన తయారుచేసినదే. అందులో ప్యాటర్న్ అనే ఆట నోనోగ్రామే. డబ్బు కట్టక్కర్లేదు, యాడ్స్ రావు, నెట్ లేకపోయినా నడుస్తుంది. తిరుపతి నుంచి మదనపల్లె బస్సులో మధ్యలో సిగ్నల్ పోయినా ఆట ఆగదు. ఒక్క లోటు ఏమిటంటే, పజిళ్ళను ప్రోగ్రామే అప్పటికప్పుడు పుట్టిస్తుంది కాబట్టి చివరికి గుర్తుపట్టేంత బొమ్మ రాదు, నల్ల మచ్చలే వస్తాయి. పద్ధతి నేర్చుకోవడానికి మాత్రం ఇది మంచిదే అంటాను. బొమ్మ ఏమిటో ముందే పసిగట్టి నింపే అవకాశం ఉండదు, లెక్క ఒక్కటే దిక్కు.

ప్లే స్టోర్‌లో ఉచితంగా దొరికే మిగతా యాప్‌లలో చాలావాటికి పజిల్‌కూ పజిల్‌కూ మధ్య వీడియో యాడ్ ఉంటుంది. ఆలోచన తెగిపోతుంది. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఇది గమనించండి.

కంప్యూటర్లో సాధారణంగా మౌస్ ఎడమ బటన్ నొక్కితే నలుపు, కుడి బటన్ నొక్కితే ఇంటూ. నొక్కి పట్టుకుని లాగితే వరుసగా నిండుతాయి. ఫోన్లో అయితే కింద ఒక మీట ఉంటుంది, నలుపు కావాలో ఇంటూ కావాలో అక్కడ మార్చుకోవాలి. ఫోన్ స్క్రీన్ మీద 15×15 వరకు సుఖంగా ఆడొచ్చు. 20×20 దాటితే వేలు పక్క గడి మీద పడుతుంది. అప్పుడు జూమ్ చేసుకోండి, లేదా ట్యాబ్ తీసుకోండి.

వదులు లెక్క

5×5లో వరుసలు వాటంతట అవే నిండిపోతాయి. 10×10కు వచ్చేసరికి అంత సుళువుగా నిండే వరుసలు ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, లేదా అంచనా వేయడం మొదలుపెడతారు. దానికి మందు ఈ లెక్క. ఈ ఆటకు ఆయువుపట్టు కూడా ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పది గడుల వరుసకు 8 అని ఉందనుకోండి. ఆ ఎనిమిది గడుల గుంపును పూర్తిగా ఎడమకు తోస్తే 1 నుంచి 8 దాకా వస్తుంది. పూర్తిగా కుడికి తోస్తే 3 నుంచి 10 దాకా. ఎటు తోసినా 3 నుంచి 8 వరకు ఉన్న ఆరు గడులు నలుపే. గుంపు కచ్చితంగా ఎక్కడుందో మనకింకా తెలియదు, అయినా ఆరు గడులు చేతికొచ్చాయి.

ఒకటి కన్నా ఎక్కువ అంకెలున్నా ఇదే పని చేస్తుంది. అంకెలన్నీ కూడండి, వాటి మధ్య ఉండాల్సిన ఒక్కో ఖాళీని కలపండి. వచ్చినదాన్ని వరుస పొడవులోంచి తీసేయండి. మిగిలింది వదులు. ఏ అంకె అయితే వదులు కన్నా పెద్దదో, ఆ అంకె నుంచి వదులు తీసేయగా వచ్చినన్ని గడులు ఆ గుంపులో ఖాయం. పది గడుల్లో 4 3 ఉంటే, నాలుగు, ఒకటి, మూడు కలిపి ఎనిమిది. వదులు 2. నాలుగు గడుల గుంపులో రెండు ఖాయం, మూడు గడుల గుంపులో ఒకటి ఖాయం. ఏవి? రెండు గుంపులనూ ఎడమకు తోస్తే 1–4, 6–8. కుడికి తోస్తే 3–6, 8–10. మొదటి గుంపుకు 3, 4 గడులు, రెండో గుంపుకు 8వ గడి. మీరు చేయడానికి ఇంకొకటి: పది గడుల్లో 2 2 3. వదులు ఎంత? ఒకటి. 2, 5, 8, 9 గడులు నల్లబడాలి. అలా రాకపోతే ఇంకోసారి తోసి చూడండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. ఎడమకు తోసినప్పుడు నల్లగా ఉండి, కుడికి తోసినప్పుడూ నల్లగా ఉన్న గడి అంటే సరిపోదు. రెండుసార్లూ అది అదే గుంపుకు చెందాలి. పది గడుల్లో 3 3 చూడండి. ఎడమకు తోస్తే 1–3, 5–7. కుడికి తోస్తే 4–6, 8–10. అయిదు, ఆరు గడులు రెండుసార్లూ నల్లగానే ఉన్నాయి. కానీ ఎడమకు తోసినప్పుడు అవి రెండో గుంపువి, కుడికి తోసినప్పుడు మొదటి గుంపువి. ఒక గుంపు 1–3లో, ఇంకోటి 8–10లో ఉంటే ఆ రెండూ ఖాళీయే కదా. వదులు లెక్క చూసినా ఇదే తేలుతుంది: వదులు 3, అంకె 3, మిగిలేది సున్నా. ఖాయమైనది ఏమీ లేదు. ఆ వరుసను అప్పటికి వదిలేయండి.

కొత్త పజిల్ తెరిచిన వెంటనే అన్ని వరుసలకూ, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, ఈ లెక్క వేయండి. పెద్ద అంకెలున్న వరుసలు ముందు, చిన్నచిన్నవి తర్వాత. 1 1 1 లాంటి వరుసల దగ్గర సమయం పోగొట్టుకోవద్దు.

అంచులు, అతుకులు, ఇరుకులు

మొదటి చుట్టు అయ్యాక పట్టికలో అక్కడక్కడ నల్ల గడులు, కొన్ని ఇంటూలు ఉంటాయి. ఇప్పుడు వాటి సాయంతో చూడాలి.

గోడ పక్కన నల్ల గడి దొరికితే అది వరం. వరుసలో మొదటి అంకె 4 అయి, మొదటి గడి నలుపైతే, 1 నుంచి 4 వరకు నలుపు, 5వ దానికి ఇంటూ. మొదటి గడి కాకుండా మూడో గడి నలుపని తెలిసినా లాభమే. ఆ గడి మొదటి గుంపుదే అవ్వాలి, ఎందుకంటే దాని ఎడమ పక్క నాలుగు గడుల గుంపు పట్టే చోటు లేదు. గుంపు ఒకటో గడి దగ్గరో, రెండో గడి దగ్గరో, మూడో గడి దగ్గరో మొదలవ్వాలి. మూడింట్లో ఏదైనా నాలుగో గడి నలుపే. ఇలా ఒక్క గడి కలిసొచ్చినా ఆ నిలువు వరుసలో ఇంకేదో కదులుతుంది. ఒక ఇంటూ పక్కన మొదలయ్యే గుంపుకూ ఇదే వర్తిస్తుంది, ఇంటూ అంటే గోడే.

దూరం చూడండి. పది గడుల వరుసకు 3 ఒక్కటే ఉంది, అయిదో గడి నలుపని తెలిసింది. ఆ గుంపు 3 నుంచి 7 మధ్యే ఉండాలి. 1, 2, 8, 9, 10కు ఇంటూలు. నల్ల గడి కొత్తగా ఒక్కటీ రాలేదు, అయిదు ఖాళీలు తేలాయి, వాటి వల్ల అయిదు నిలువు వరుసలకు కబురు అందింది.

రెండు నల్ల గడుల మధ్య ఒకే గడి మిగిలితే, అతికిస్తే ఏమవుతుందో అడగండి. వరుసకు 2 2 ఉంది, 4, 6 గడులు నలుపు. మధ్యలో 5 నింపితే మూడు గడుల గుంపు అవుతుంది. ఆ వరుసలో మూడు లేదు. కాబట్టి 5కు ఇంటూ.

రెండు ఇంటూల మధ్య రెండే గడులు ఇరుక్కుని, ఆ వరుసలో ప్రతి అంకే 3 గానీ అంతకన్నా పెద్దది గానీ అయితే, ఆ రెండింటికీ ఇంటూలే. అక్కడ ఏ గుంపూ పట్టదు.

పెద్ద అంకె పూర్తయిందా, రెండు పక్కలా ఇంటూ పెట్టండి. 1 3 1 ఉన్న వరుసలో మూడు నల్లగడులు పక్కపక్కన కనిపిస్తే అది 3 తప్ప ఇంకోటి కాదు. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ ఆటలో ఎక్కువమంది మర్చిపోయేది కూడా ఇదే.

ఇవన్నీ ఒక వరుసను ఒంటరిగా చూసే పద్ధతులు. ఏదైనా అడ్డ వరుసలో ఒక గడి మారితే, వెంటనే ఆ గడి ఉన్న నిలువు వరుసకు వెళ్ళండి. అక్కడ మారితే మళ్ళీ అడ్డంగా. పట్టికంతా పై నుంచి కిందికి మళ్ళీ మళ్ళీ చదవక్కర్లేదు, మార్పు వెంట నడిస్తే చాలు. వేగంగా ఆడేవాళ్ళకూ నెమ్మదిగా ఆడేవాళ్ళకూ తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

ఇరుక్కున్నప్పుడు

20×20 పజిల్, మూడో వంతు నిండింది, ఇక ఏ వరుసా కదలడం లేదు. ముందు చేయాల్సింది, అన్ని వరుసలకూ వదులు లెక్క ఇంకోసారి. ఈసారి వరుస మొత్తానికి కాదు, ఇంటూల మధ్య మిగిలిన ముక్కలకు. ఎడమ పక్క నాలుగు గడులకు ఇంటూలు పడి ఉంటే ఆ వరుస పొడవు ఇప్పుడు ఇరవై కాదు, పదహారే. వదులు తగ్గింది కదా. సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి.

అప్పటికీ కదలకపోతే అంచు వరుస చూడండి. మొదటి అడ్డ వరుసకు 4 ఉంది. అది ఒక చోట పడుతుందనుకుని, దాని కింద ఉన్న నాలుగు నిలువు వరుసల మొదటి అంకెలు గమనించండి. నాలుగూ 2 లేదా అంతకన్నా పెద్దవైతే, రెండో అడ్డ వరుసలోనూ ఆ నాలుగు గడులు నల్లబడాలి. రెండో వరుసకు ఉన్నది 3 2 అయితే? నాలుగు పక్కపక్కన రాలేవు. అంటే మొదటి వరుసలో 4 అక్కడ పడదు. ఇలా కుదరని చోట్లు తీసేస్తూ పోతే ఒక్కోసారి ఒకే చోటు మిగులుతుంది.

ఇది కూడా అంచనాయే కదా అని అనిపించొచ్చు. కాదు. అంచనా వేసేవాళ్ళు గడి నింపి, అదృష్టం బాగుంటే చాలనుకుంటారు. ఇక్కడ మనం నింపక ముందే, నింపితే ఏం చెడుతుందో చూపించి, ఆ చోటును కొట్టేస్తున్నాం. మనసులోనే చేయగలిగినంత దూరం చేయండి. రెండు అడుగులు దాటి మూడో అడుగు గుర్తు పెట్టుకోలేకపోతే, ఆ చోటు వదిలి ఇంకో అంచు చూడండి.

ఈ ఆటలో ఇరుక్కోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. నోనోగ్రామ్ ఎన్‌పీ-కంప్లీట్ కోవకు చెందిన సమస్య అని ఉయేదా, నాగావో అనే జపాన్ పరిశోధకులు 1996లో చూపించారు. అంటే ఎంత పెద్ద పజిల్‌నైనా తొందరగా విప్పగలిగే ఒకే పద్ధతి ఇప్పటిదాకా కంప్యూటర్లకు కూడా దొరకలేదు. మనం ఆడే పజిళ్ళు ఆ స్థాయివి కావు. మనుషులు విప్పడానికని తయారుచేసినవి, దారి తప్పకుండా ఉంటుంది.

గుండె గుర్తులు, సెట్టింగులు

చాలా యాప్‌లు తప్పు గడి నొక్కగానే ఎర్రగా చూపించి ఒక గుండె తీసేస్తాయి. మొదట్లో ఇది సాయంలా అనిపిస్తుంది. కానీ ఏది తప్పో యాప్ చెప్పేస్తుంటే, మనకు తెలియకుండానే నొక్కి చూడటం అలవాటవుతుంది. సెట్టింగుల్లో తప్పులు చూపించడాన్ని ఆపే వీలుంటే ఆపేయండి. అప్పుడు టెన్షన్ కూడా తగ్గుతుంది, ఎవరూ గుండెలు లెక్కపెట్టరు. తప్పు జరిగితే చివర్లో ఎక్కడో రెండు వరుసలు కుదరవు. అప్పుడు వెనక్కి వెళ్ళి ఆధారం లేని గడి ఏదో వెతకాలి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేం.

వరుస పూర్తవగానే మిగతా గడులకు తనంతట తనే ఇంటూలు పెట్టే సెట్టింగ్ కూడా ఉంటుంది. కొన్నాళ్ళు చేత్తో పెట్టి, అలవాటయ్యాక పెద్ద పజిళ్ళకు దాన్ని వేసుకోండి. 25×25లో వందల ఇంటూలు చేత్తో పెట్టడం వేళ్ళకు శ్రమ తప్ప ఇంకేమీ కాదు. సాయం బటన్ మాత్రం ముట్టుకోకండి. అది గడి చూపిస్తుంది, కారణం చూపించదు.

మా అత్తగారు ఏళ్ళ తరబడి పేపర్లో సుడోకు చేస్తున్నారు. ఆమెకు ఈ ఆట పట్టుబడటానికి పెద్దగా సమయం పట్టలేదు, ఇంటూ పెట్టడం ఒక్కటే అలవాటు కావాల్సి వచ్చింది. మీ ఇంట్లో సుడోకు చేసే పెద్దవాళ్ళుంటే ట్యాబ్ మీద 10×10 తెరిచి పక్కన కూర్చోండి, చాలు.

రంగులవి

రంగుల నోనోగ్రామ్‌లో అంకెకు కూడా రంగు ఉంటుంది. ఒకే రంగు గుంపుల మధ్య ఖాళీ తప్పనిసరి. వేరే రంగు గుంపులు అతుక్కుని ఉండొచ్చు, ఖాళీ ఉండొచ్చు కూడా. కాబట్టి వదులు లెక్కలో ఒకే రంగు పక్కపక్కన వచ్చిన చోటే ఖాళీ కలపాలి. పది గడుల్లో ఎరుపు 4, పచ్చ 4 ఉంటే వదులు 2. రెండూ ఎరుపే అయితే వదులు 1. ఇంకో సౌలభ్యం కూడా ఉంది: ఒక గడి అడ్డంగా ఎరుపో పచ్చో కావాలి, నిలువు వరుసలో ఎరుపే లేదు అంటే, అది పచ్చ. నలుపు తెలుపు బాగా వచ్చాకే వీటికి వెళ్ళండి.

ఫోన్ లేని చోట

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌లో కూర్చునేసరికి ఫోన్లు డిపాజిట్ కౌంటర్లో ఉంటాయి. గంటలు గంటలు, పక్కన పిల్లలు. వెళ్ళే ముందు రోజు ఏ జిరాక్స్ షాపులోనైనా నాలుగైదు పజిళ్ళు ప్రింట్ తీయించుకుని, పెన్సిల్, రబ్బరు పెట్టుకుంటే చాలు. కాగితం మీద ఇంటూకు బదులు చిన్న చుక్క పెట్టండి, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. పూర్తయిన అంకెను కొట్టేయండి. తెర మీద అది తనే మసకబారుతుంది, కాగితం మీద మనమే చేసుకోవాలి. పిల్లలకు 10×10 దాటనివ్వొద్దు.

పిల్లలే పజిల్ తయారు చేస్తామంటే ఇంకా మంచిది. గ్రాఫ్ నోట్‌బుక్‌లో 10×10 చదరం గీసి, తోతాపురి మామిడికాయ ముక్కు వంపుతో సహా నింపమనండి. తర్వాత ప్రతి వరుసకూ గుంపులు లెక్కపెట్టి అంచున రాసుకోవాలి. ఆ అంకెలను మాత్రమే వేరే కాగితం మీదికి ఎక్కించి ఇంకొకరికి ఇవ్వాలి. ఒక్కటి పరీక్షించుకోండి, ఆ అంకెలకు ఒకే జవాబు ఉందా? 2×2 పట్టికలో అన్నివైపులా 1 రాస్తే, ఏ మూల నుంచి ఏ మూలకు నింపినా సరిపోతుంది, రెండు జవాబులు. పెద్ద బొమ్మలో కూడా ఇలాంటి ఐమూల జతలు దాక్కుని ఉంటాయి. ఇంకొకరు విప్పుతూ అలాంటి చోట ఆగిపోతే, అక్కడ ఒక గడి కలిపి గానీ తీసేసి గానీ అంకెలు మళ్ళీ రాయండి.

మీ కోసం ఒకటి

ఎనిమిది అడ్డ వరుసలు, పది నిలువు వరుసలు. దీని జవాబు ఇవ్వడం లేదు. కౌండిన్య అడవి పక్కన, పలమనేరు, కుప్పం వైపు పొలాలున్నవాళ్ళు బొమ్మను వెంటనే గుర్తుపడతారు.

అడ్డ వరుసలు, పై నుంచి కిందికి:
2
8
2 7
10
1 7
1 6
1 2 2
2 2 2

నిలువు వరుసలు, ఎడమ నుంచి కుడికి:
6
3 1
2 1
8
7
5
5
7
7
3

నాలుగో అడ్డ వరుస, మూడో అడ్డ వరుస, నాలుగో నిలువు వరుస ముందు నింపండి. తర్వాత మిగతా నిలువు వరుసలకు వదులు లెక్క వేయండి, ఏడో అడ్డ వరుసలో చాలా భాగం తేలుతుంది. చిక్కు వచ్చేది ఎనిమిదో అడ్డ వరుస దగ్గర. అక్కడ ఆరో, ఏడో, పదో గడులు ఖాళీ ఎందుకవుతాయో నిలువుగా చూసి తేల్చుకుంటే, మూడు గుంపులకూ ఒక్కొక్క చోటే మిగులుతుంది. అక్కడి నుంచి ఒకటో అడ్డ వరుసకు వెళ్ళండి.